ఊరి పక్కకు చెత్త కాల్చే ప్లాంటు వస్తోందా? పునాది పడకముందే చేయాల్సిన పనులు

చెత్త కాల్చే ప్లాంటు మీద మన ఊళ్లు సాధారణంగా పొక్లెయిన్ దిగిన రోజున రోడ్డెక్కుతాయి. అప్పటికే సగం ఫైళ్ల మీద సంతకాలు అయిపోయి ఉంటాయి. ధర్నాలు అవసరమే, కానీ ఇలాంటి ప్లాంటు ఆగేదీ సాగేదీ ఎక్కువగా కాగితాల మీదే. ఆ కాగితాల్లో మీ మాట ఎక్కడ, ఎప్పుడు, ఎలా ఎక్కించాలన్నదే ఈ మార్గదర్శి.

ఆలస్యమైతే ఏమవుతుందో ఢిల్లీలోని ఓఖ్లా వాళ్లనడిగితే తెలుస్తుంది. ఇళ్ల మధ్య 16 మెగావాట్ల చెత్త విద్యుత్ ప్లాంటు వద్దని అక్కడి కాలనీల వాళ్లు 2009లోనే హైకోర్టుకెళ్లారు. 2012లో ప్లాంటు మొదలైపోయింది. కేసు పర్యావరణ కేసులు చూసే జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్‌కు మారింది. 2017లో ట్రిబ్యునల్ కాలుష్యానికి 25 లక్షల జరిమానా వేసింది గానీ ప్లాంటును నడవనిచ్చింది. కోట్లు పెట్టి కట్టేసిన దాన్ని మూయించడం అంత కష్టం.

1. వస్తున్నది ఏ రకం ప్లాంటో ముందు తేల్చుకోండి

“చెత్త ఫ్యాక్టరీ” అని ఊరంతా ఒకే మాట అంటుంది. చట్టం మాత్రం దీన్ని మూడు రకాలుగా చూస్తుంది. ఇళ్ల చెత్త కాల్చి కరెంటు తీసేది ఒకటి, ఆస్పత్రుల వ్యర్థాలు కాల్చేది ఇంకొకటి, పరిశ్రమల ప్రమాదకర వ్యర్థాలు కాల్చేది మూడోది. దేనికి ఢిల్లీ అనుమతి కావాలి, దేనికి రాష్ట్రస్థాయి అథారిటీ చాలు, దేనికి ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి అన్నది ఈ రకాన్ని బట్టే ఉంటుంది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పరిశ్రమల ప్రమాదకర వ్యర్థాల ఇన్సినరేటర్ ‘ఎ’ కేటగిరీ, అంటే ఢిల్లీలో తేలాలి. పట్టణ చెత్త ఉమ్మడి కేంద్రం ‘బి’ కేటగిరీ, అంటే రాష్ట్రస్థాయిలో తేలేది.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. ప్రమాదకరం కాని పట్టణ చెత్తతో నడిచే విద్యుత్ ప్లాంటు 15 మెగావాట్ల లోపు ఉంటే, థర్మల్ ప్లాంట్ల పద్దు కింద తీసుకోవాల్సిన అనుమతి నుంచి మినహాయింపు ఉంది. మీ ఊరికి వస్తున్నది సరిగ్గా 14 మెగావాట్లో, 15కు కాస్త తక్కువో అయితే ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. అయినా అది పట్టణ చెత్త కేంద్రం పద్దు కిందికి వస్తుందని వాదించే వీలుంటుంది. రెండో మెలిక, స్థలం నోటిఫై అయిన పారిశ్రామికవాడలో ఉంటే ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా తప్పించుకునే దారి వెతుకుతారు. అందుకే సర్వే నంబర్లు ముందే చూసుకోండి. తెలంగాణలో భూభారతిలో, ఆంధ్రలో మీభూమిలో ఆ నంబర్లు కొట్టి, భూమి ఎవరి పేరున ఉంది, ఈమధ్య చేతులు మారిందా అన్నది రాసుకోండి. ఊళ్లో ఎవరికీ తెలియని పేరు మీద ఒకే దఫాలో పాతిక ఎకరాలు మారితే అదే మొదటి సూచన.

2. కాగితాలు తెప్పించుకోండి

కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ప్రాజెక్టు దరఖాస్తు, అధ్యయనానికి ఇచ్చిన నియమావళి, నివేదికలు దొరుకుతాయి. కంపెనీ పేరుతో దొరక్కపోతే జిల్లా పేరుతో వెతకండి. ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలకు ఈ పని అప్పగిస్తే ఒక సాయంత్రంలో తేల్చేస్తారు.

అక్కడ లేనివి సమాచార హక్కు కింద అడగాలి. తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. ఒకే దరఖాస్తులో అన్నీ కుక్కకండి. పంచాయతీకి ఒకటి, తహసీల్దారుకు ఒకటి, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఒకటి, చెత్త పంపే మున్సిపాలిటీకి ఒకటి విడివిడిగా పెట్టండి. “ప్లాంటు వివరాలు ఇవ్వండి” అని రాస్తే “వివరాలు లేవు” అని వస్తుంది. “ఫలానా సర్వే నంబర్లలో వ్యర్థాల ప్లాంటుకు వచ్చిన దరఖాస్తు, దానిపై నోట్ ఫైలు, స్థల తనిఖీ నివేదిక నకళ్లు” అని రాయండి.

మున్సిపాలిటీకి పెట్టేదాన్ని చాలామంది మర్చిపోతారు. రోజుకు ఎన్ని టన్నుల చెత్త వస్తోంది, అందులో తడి ఎంత, పొడి ఎంత, వేరు చేసి ఎంత సేకరిస్తున్నారు, కంపెనీతో ఒప్పందంలో టన్నుకు ఎంత చెల్లిస్తారు అన్న లెక్కలు అక్కడే ఉంటాయి. తర్వాత మీ వాదనంతా వీటి మీదే నిలబడుతుంది.

3. కమిటీ, డబ్బు, పార్టీలు

సర్పంచి ఒక్కరి మీద ఉద్యమం పెట్టొద్దు. సర్పంచి మంచివారే కావచ్చు, కానీ పైనుంచి ఒత్తిడి మొదట పడేది వారి మీదే. డ్వాక్రా సంఘాల లీడర్లు, పాల కేంద్రం నడిపేవారు, ఆయకట్టు రైతులు, పక్క రెండు మూడు ఊళ్ల నుంచి ఇద్దరేసి, అన్ని పార్టీల వాళ్లు ఉండాలి. వేదిక మీద జెండాలు, కండువాలు వద్దని మొదటి మీటింగులోనే తేల్చేయండి. ఒక పార్టీ కార్యక్రమం అయిన మరునాడే రెండో పార్టీ వాళ్లు ఇంటికి పోతారు.

చందాల లెక్క ఒక నోటుబుక్కులో రాసి ప్రతి వారం పంచాయతీ గోడకు అంటించండి. ఉద్యమాలు పోలీసుల వల్ల కంటే “ఆ పైసలెటు పోయినయ్” అన్న ఒక్క మాట వల్లే ఎక్కువ చెడతాయి.

కంపెనీ తరఫు మనుషులు వస్తారు. ఇంటికో ఉద్యోగం, మినరల్ వాటర్ ప్లాంటు, గుడికి విరాళం అంటారు. వాళ్లను తరిమేయకండి, కూర్చోబెట్టి అడగండి. ఎన్ని ఉద్యోగాలు, ఏ పనికి, నేరుగానా కాంట్రాక్టరు కిందా, జీతం ఎంత, ఇవన్నీ కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసిస్తారా? చాలా సందర్భాల్లో కథ అక్కడితో ముగుస్తుంది.

4. గ్రామసభ తీర్మానం

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలి. దాన్ని పట్టుకుని ఈ విషయాన్ని అజెండాలో పెట్టించండి. పంచాయతీ తీర్మానం ఒక్కటే ప్లాంటును ఆపేస్తుందనుకోవద్దు, పరిశ్రమలకు ఏకగవాక్ష (సింగిల్ విండో) అనుమతుల విధానాలు వచ్చాక దాని బలం తగ్గింది. అయితే ట్రిబ్యునల్ ముందు “ఈ ఊరు మొదటి నుంచీ వద్దంటోంది” అని చూపడానికి అంతకు మించిన రుజువు లేదు.

“ఏకగ్రీవంగా వ్యతిరేకిస్తున్నాం” అన్న ఒక్క ముక్కతో సరిపెడితే అది ఖాళీ కాగితం. ఇలా రాయించండి: “ఫలానా సర్వే నంబర్లలో రోజుకు ఇన్ని టన్నుల చెత్త కాల్చే ప్లాంటు ప్రతిపాదనపై గ్రామసభ చర్చించింది. స్థలానికి 400 మీటర్లలో ఊర చెరువు, దాని కింద ఇన్ని ఎకరాల ఆయకట్టు ఉన్నాయి. 600 మీటర్లలో ప్రాథమిక పాఠశాల, అంగన్‌వాడీ ఉన్నాయి. గ్రామంలో ఇన్ని కుటుంబాలు పాల మీద బతుకుతున్నాయి. పై కారణాల వల్ల ఈ ప్రతిపాదనకు గ్రామసభ సమ్మతి ఇవ్వడం లేదు.” కొలతలు మీ ఊరివి వేయాలి, ఫోన్‌లో మ్యాపు పెట్టి కొలిస్తే వస్తాయి. హాజరు పట్టికలో ప్రతి ఒక్కరి సంతకం, వేలిముద్ర ఉండాలి. కార్యదర్శి సంతకం, ముద్రతో నకలు ఆ రోజే తీసుకోండి. మినిట్స్ పుస్తకం రేపు కనిపించకపోవచ్చు. మీది రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్న ఆదివాసీ ప్రాంతమైతే 1996 పెసా చట్టం వల్ల గ్రామసభ మాటకు ఇంకా ఎక్కువ బరువుంటుంది.

5. నివేదికను చదవండి, వాళ్లు చదవరనుకున్న పేజీలతో సహా

పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక వందల పేజీలు ఇంగ్లిష్‌లో ఉంటుంది. దాని సారాంశం తెలుగులో ఇవ్వడం తప్పనిసరి. సారాంశంలో మంచి మాటలే ఉంటాయి, అసలు సంగతి అనుబంధాల్లో ఉంటుంది. పదిమంది తలా ఒక అధ్యాయం పంచుకోండి. ఇంగ్లిష్ టీచర్, అగ్రికల్చర్ బీఎస్సీ చేసిన అబ్బాయి, రిటైరైన ఇంజనీరు, హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఊరి పిల్లలు, ఎవరున్నా పనికొస్తారు.

మొదట పటం చూడండి. పది కిలోమీటర్ల పరిధిలోని చెరువులు, కుంటలు, వాగులు, బడులు అన్నీ ఉన్నాయా? కుంట ఉన్న చోట “బీడు భూమి” అని రాస్తే ఫొటో తీసి పహాణీ జత చేయండి. ఇది చిన్న తప్పు కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల చిత్తడి నేలల్లో థర్మల్ ప్లాంటుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని అప్పటి జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ 2010 జూలై 14న రద్దు చేసింది. అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయిందీ ఆ రోజే. అథారిటీ ముందు వాదన నడిచింది ఆ నేల స్వభావం మీదే.

తర్వాత గాలి. ఈ నివేదికలకు సాధారణంగా ఒక్క సీజనులోనే, వానాకాలం కాకుండా, కొలతలు తీసుకుంటారు. చలికాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమర, నైరుతి నుంచి. అంటే శీతాకాలపు లెక్కలో పొగ ఊరికి దూరంగా పోతున్నట్టు చూపిన ప్లాంటు, నాలుగు నెలలు అదే పొగను ఊరి మీదికి వదలవచ్చు. “నైరుతి గాలి కాలంలో పొగ ఎటు పోతుంది, ఆ లెక్క ఏ పేజీలో ఉంది?” ఈ ప్రశ్నకు తడుముకోని కన్సల్టెంటు అరుదు.

మూడోది చెత్త. మన చెత్తలో సగం దాకా తడే. కిలోకు సుమారు 1,500 కిలోక్యాలరీల వేడి లేకపోతే చెత్త తనంతట తాను మండదు. ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో 1987లో డెన్మార్క్ సాంకేతికతతో రోజుకు 300 టన్నులు కాల్చే ప్లాంటు కట్టారు. వచ్చే చెత్తలో ఆ వేడి లేక 21 రోజులు నడిచి ఆగిపోయింది. 2003లో షాద్‌నగర్ దగ్గర, విజయవాడలో మొదలైన చెత్త విద్యుత్ ప్లాంట్లు వరి ఊక కలిపి కూడా నిలదొక్కుకోలేకపోయాయి. తడి చెత్తను వేరు చేయకుండా ఇది ఎలా మండుతుంది? వేరు చేసి, ప్లాస్టిక్‌ను రీసైక్లింగుకు పంపాక ఇక కాల్చడానికి ఏం మిగులుతుంది? ఈ రెండూ కలిపి అడగండి.

నాలుగోది బూడిద, అందరూ దాటేసేది ఇదే. కాల్చిన చెత్తలో బరువు ప్రకారం పావు వంతు దాకా బూడిదే మిగులుతుంది. రోజుకు 500 టన్నులు కాలిస్తే వంద టన్నుల పైమాటే. పొగ వడపోతలో దొరికే సన్న బూడిదలో సీసం, కాడ్మియం వంటి లోహాలు, డయాక్సిన్లు అనే విష రసాయనాలు పేరుకుంటాయి. ఎన్ని టిప్పర్లు, ఏ దారిన, ఎక్కడికి? “తగిన విధంగా పారవేస్తాం” అన్న వాక్యం కనిపిస్తే దాని కింద ఎర్ర గీత గీయండి.

డయాక్సిన్ల గురించి రెండు ముక్కలు. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ లాంటివి కాలినప్పుడు ఇవి పుడతాయి. 850 డిగ్రీలు దాటిన వేడిలో నశించినా, పొగ 450 నుంచి 200 డిగ్రీల మధ్య చల్లారుతున్నప్పుడు మళ్లీ ఏర్పడతాయి. అందుకే కొలిమి వేడి ఎంతో చెప్పి ఊరుకుంటే చాలదు, పొగను ఎంత త్వరగా చల్లారుస్తారో అడగాలి. గాలిలో పీల్చే దానికంటే గడ్డి మీద పడి, గేదె పాలలోకి, నాటుకోడి గుడ్లలోకి చేరేదే మనుషులకు ఎక్కువ అందుతుంది. 2016 వ్యర్థాల నియమాల్లో దీని పరిమితిని ఘనపు మీటరు పొగకు 0.1 నానోగ్రాముగా పెట్టారు. ప్లాంటు గేటు ముందు బోర్డు మీద వెలిగే అంకెల్లో ఇది ఉండదు, ఎందుకంటే పొగ నమూనా పట్టి ల్యాబుకు పంపితే తప్ప ఇది తేలదు. ఆస్పత్రి వ్యర్థాల నియమాల ప్రకారం ఏడాదికి ఒక్కసారి పరీక్షిస్తే చాలు. మిగిలిన 364 రోజుల సంగతి అడగండి.

6. ఇప్పుడున్న గాలి, నీళ్ల రుజువు దాచుకోండి

ప్లాంటు రాకముందు నీళ్లు ఎలా ఉన్నాయో రుజువు లేకపోతే, వచ్చాక చెడిపోయాయని నిరూపించలేరు. ఊరి నాలుగు దిక్కులా నాలుగు బోర్లు, చెరువు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. రసీదు, తేదీ, స్థలం ఉన్న ఫొటో జత చేయండి. పాల కేంద్రంలో రోజువారీ లీటర్ల రిజిస్టరు, పీహెచ్‌సీలో దగ్గు, ఆయాసం కేసుల సంఖ్య కూడా. డయాక్సిన్ల పరీక్ష ఖరీదైనది, చేసే ల్యాబులు దేశంలో తక్కువ. తిరువనంతపురంలోని సీఎస్‌ఐఆర్ సంస్థ నిస్ట్‌లో ఆ ల్యాబు ఉంది.

7. ప్రజాభిప్రాయ సేకరణ రోజు

ఉద్యమానికి అన్నిటికంటే విలువైన రోజు ఇది. చాలా ఊళ్లు దీన్ని రెండు విధాలుగా పోగొట్టుకుంటాయి, బహిష్కరించి ఒకటి, టెంటు పీకేసి ఇంకొకటి. 2006 నాటి నోటిఫికేషన్‌లో కోరం (కనీస హాజరు) అనేదే లేదు. మీరు రాకపోతే వచ్చిన పదిమందితోనే సభ పూర్తయినట్టు రాసుకుంటారు. జరగనివ్వకుండా అడ్డుకుంటే, స్థానిక పరిస్థితుల వల్ల సభ సాధ్యం కాదని నివేదిక పంపి, సభే లేకుండా ముందుకెళ్లే వెసులుబాటు అదే నోటిఫికేషన్‌లో ఉంది. కాబట్టి వెళ్లండి, కూర్చోండి, మాట్లాడండి.

సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక తెలుగు పత్రికలో ప్రకటన రావాలి. లోపలి పేజీల్లో, టెండర్ల పక్కన వస్తుంది, ఎవరో ఒకరు రోజూ చూడాలి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో లేదా పంచాయతీలో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో అందుబాటులో ఉండాలి. వెళ్లి అడగండి. లేదంటే లేదని ఆ రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. సభ ప్రాజెక్టు స్థలంలో లేదా దానికి దగ్గరలోనే జరగాలి. జిల్లా కేంద్రంలో పెడితే అదీ అభ్యంతరమే.

ఇరవై మంది వక్తలను ముందే ఎంచుకోండి. ఒకరికి ఒకే అంశం, మూడు నిమిషాలు. పాలు పోసే ఆవిడ పశుగ్రాసం గురించి, మోటారు మెకానిక్ లారీల రద్దీ గురించి, టీచరు బడి దూరం గురించి. ఆడవాళ్లను ముందు మాట్లాడించండి, మధ్యాహ్నం దాటితే అధికారులు గడియారం చూస్తారు. మాట్లాడిన ప్రతి ఒక్కరూ అదే విషయం కాగితం మీద రెండు ప్రతులు రాసుకెళ్లి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముద్ర వేయించుకోవాలి. మాట్లాడే ముందు పేరు, ఊరు చెప్పాలి. ముందు వరుసలు బయటి ఊళ్ల నుంచి డీసీఎంలలో వచ్చినవాళ్లతో నిండుతాయి. వాళ్లతో గొడవ వద్దు, “వక్త ఏ ఊరో రికార్డు చేయండి సార్” అంటే చాలు.

సభకు కలెక్టరు గానీ, అదనపు జిల్లా మెజిస్ట్రేటు హోదాకు తగ్గని ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి. వీడియో తీయాలి. మీరూ ఒక ట్రైపాడ్ పెట్టి మొదటి నుంచి చివరి దాకా తీయండి.

జనం అలసిపోయి లేచేది సరిగ్గా చివరి అరగంటలో. అసలు ఘట్టం అప్పుడే ఉంది. సభలో వచ్చిన అభ్యంతరాల సారాంశాన్ని అక్కడికక్కడే తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు సంతకం చేయాలి. కనీసం యాభై మంది చివరి దాకా కూర్చోండి. “కొందరు ఆందోళన వ్యక్తం చేశారు, పలువురు స్వాగతించారు” అని చదివితే అక్కడే లేచి సరిచేయమనండి. చేయకపోతే మీ వీడియో, ముద్ర పడిన ప్రతులు జతచేసి మరునాడే కాలుష్య నియంత్రణ మండలికి, అనుమతి ఇచ్చే అథారిటీకి రిజిస్టర్డ్ పోస్టు పంపండి.

8. దీక్షలు, ధర్నాలు, కేసులు

సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలంలో ప్యారానగర్ డంపింగ్ యార్డుకు వ్యతిరేకంగా నల్లవల్లి, చుట్టుపక్కల ఊళ్లు 2025 ఫిబ్రవరి నుంచి రిలే దీక్షలు చేశాయి. రిలే దీక్షలో ఉన్న లాభం ఇదే, రోజుకో సంఘం కూర్చుంటే పొలం పనులు ఆగవు, ఉద్యమమూ ఆరిపోదు. నాట్ల సమయంలో అందరినీ రోజూ రమ్మంటే వారానికే టెంటు ఖాళీ అవుతుంది.

పోలీసు యాక్టు 30 అమల్లో ఉందేమో కనుక్కుని, ర్యాలీకి ముందే లిఖితంగా అనుమతి అడగండి, ఇవ్వకపోతే ఆ తిరస్కరణ కూడా ఫైల్లో పెట్టండి. మంత్రి పర్యటన రోజున ముందస్తు అరెస్టులు, తహసీల్దారు ముందు బైండోవర్లు (గొడవ చేయమని పూచీకత్తు రాయించుకోవడం) మామూలే. ముందే ఒక వకీలు నంబరు అందరి ఫోన్లలో ఉండాలి. రాయి మాత్రం పడకూడదు. ఒక్క రాయి పడితే ఆ తర్వాత కమిటీ శక్తంతా బెయిళ్లకే పోతుంది. తాగి వచ్చినవాళ్లను టెంటులో కూర్చోనివ్వకండి.

9. “మరి చెత్త ఎక్కడ వేయాలి?”

విలేకరి, కలెక్టరు, టీవీ చర్చలో యాంకరు, అందరూ అడిగేది ఇదే. “మా ఊళ్లో వద్దు” అంటే మీరు ఓడిపోయినట్టే, వాళ్లు పక్క ఊరికి పోతారు. కేరళలో అలప్పుళ పట్టణం చెత్తను సర్వోదయపురం అనే ఊళ్లో పోసేవారు. ఊరివాళ్లు లారీలను అడ్డుకున్నాక పట్టణానికి వేరే దారి లేక, 2012 తర్వాత ఇళ్లలో బయోగ్యాస్, వార్డుల్లో కంపోస్టు డబ్బాలు మొదలుపెట్టింది. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ దాన్ని మంచి ఉదాహరణగా చెప్పింది. మున్సిపాలిటీ లెక్కలు ముందే తెచ్చుకోమన్నది ఇందుకే. తడి చెత్త ఇన్ని టన్నులు, దానికి వార్డుల్లో కంపోస్టు స్థలాలు ఇవి అని వాళ్ల అంకెలతోనే చూపించండి. మీ ఊరి చెత్తను మాత్రం చెరువు కట్ట మీద తగలబెడుతూ ఈ వాదన చేయకండి. ఫొటో తీసేవాళ్లుంటారు.

10. అనుమతి వచ్చేస్తే

ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత ఫైలు నిపుణుల కమిటీకి వెళ్తుంది. అజెండా పరివేష్‌లో పెడతారు. సమావేశానికి ముందే ఐదారు పేజీల్లో, పేజీ నంబర్లతో సహా మీ అభ్యంతరాలు పంపండి. అయినా అనుమతి వస్తే గడియారం మొదలైనట్టే. గ్రీన్ ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులు, సరైన కారణం చూపితే మరో 60 రోజులు. 91వ రోజున వెళితే ఎంత మంచి కేసైనా తీసుకోరు. మన రెండు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనమే. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలు. వకీలు లేకుండానూ వాదించుకోవచ్చు, కానీ ఈ రంగం తెలిసిన వకీలుంటే మేలు. ఆ పైన ప్లాంటు కట్టడానికి, నడపడానికి కాలుష్య మండలి విడివిడిగా ఇచ్చే సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ వేరే అనుమతులు. అక్కడా అభ్యంతరం పెట్టవచ్చు.

అన్నీ దాటి ప్లాంటు నడిచిందనుకోండి, కమిటీని రద్దు చేయకండి. అనుమతి పత్రంలోని షరతులను తెలుగులో రాసి పంచాయతీ గోడ మీద పెట్టండి. ఆరు నెలలకోసారి కంపెనీ సమర్పించాల్సిన షరతుల అమలు నివేదిక తెప్పించండి. గేటు బోర్డు అంకెలను రోజూ ఒకే సమయానికి ఫొటో తీయండి, రాత్రి పొగ రంగు మారితే వీడియో తీయండి. బూడిద టిప్పర్ల నంబర్లు, వెళ్లిన దారి రాసుకోండి. మొదట పరీక్ష చేయించిన ఆ నాలుగు బోర్ల నీళ్లనే ఏటా అదే నెలలో, అదే ల్యాబులో మళ్లీ పరీక్ష చేయించండి.